పద్నాలుగో వరుసలో అడ్డంకి

ఆరోగ్య భద్రతా తనిఖీల ఆఫీసు బాబుగారికి, మా తెగ పిల్లల ఇంటి నుంచి ముసలాయన రాయునది.

నాలుగేళ్లుగా ఈ మాట గొంతులో ముల్లులా ఉంది. మా కోడలు పగటిపూట పసివాళ్లను చూసుకుంటూ నడిపే ఈ పిల్లల ఇంటికి అప్పుడు మీ తనిఖీదారు వచ్చాడు. తల ఎత్తకుండా కాగితం నింపుకుంటూ నన్ను దాటుకుని లోపలికి వెళ్లాడు. అలాగే దాటుకుని బయటికి వచ్చాడు. ఆయన పోయాక కోడలు చదివి వినిపించింది. "పద్నాలుగో వరుస. గుమ్మంలో అడ్డంకి: ఒకటి. తొలగించవలెను."

అదేమిటో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడూ చెప్పను. చూసి రాసుకోవడం మీ పని. మా తెగలో పసిపిల్లలుండి గడపకు అడ్డం లేని ఇల్లు ఉండదు. తలుపులు తర్వాత వచ్చాయి.

మీ రూల్సుకు ఎదురు చెప్పేవాణ్ణి కాను. పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమన్నారు. ఎందుకని అడిగితే ఊపిరి బాగా ఆడుతుందని చెప్పింది కోడలు. మంచి మాట. ఇరవై లెక్కపెట్టేదాకా చేతులు కడిగించమన్నారు. నాకు ఇరవై దాకా వచ్చు కనక ఆ పని నా నెత్తిన పడింది. పద్నాలుగో వరుస ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ వరుస కొట్టేయండి.

ఇట్లు,
ముసలాయన

తా.క.: ఆ అడ్డంకికి డెబ్బై ఎనిమిదేళ్లు.

*

పిల్లల ఇంటి పెద్దాయన గారికి,

తమరి ఉత్తరం అందినది. వరుస కొట్టేయడం నిబంధనల్లో లేదు. డెబ్బై ఎనిమిదేళ్ల నాటి వస్తువు పిల్లల దగ్గర ఉండడం ప్రమాదమని విభాగం అభిప్రాయం. అడ్డంకి దేనితో చేసినది? ఎత్తెంత? పెచ్చులు ఊడుతున్నాయా? కదపడానికి ఎందరు కావాలి? వివరాలు పంపగలరు. నెలాఖరులోగా పద్నాలుగో వరుస తేలకపోతే అనుమతి రద్దై, పదకొండుమంది పిల్లలనూ ఇళ్లకు పంపవలసి వస్తుంది.

ఇట్లు, విధేయుడు,
గుమాస్తా

తా.క.: ఫోటో జతచేయగలరు.

*

గుమాస్తా బాబుకి,

దేనితో చేశారో తెలియదు, చేసినవాళ్లు పోయారు. కూర్చున్నప్పుడు ఎత్తు రెండున్నర అడుగులు. పైన ఊడాల్సిందంతా ఎప్పుడో ఊడిపోయింది, ఇప్పుడు నున్నగా ఉంది. కదపడానికి ఎవరూ అక్కర్లేదు. అన్నానికి పిలిస్తే తనే లేస్తుంది. మోకాళ్ల దగ్గర కిర్రుమంటుంది, అంతే.

మా గుమ్మానికి పదడుగుల్లో రోడ్డు. లారీలు ఆగకుండా పోతుంటాయి. పదకొండుమందీ ఆ అడ్డంకిని పట్టుకునే నిలబడడం నేర్చుకున్నారు. ఇంతవరకు ఒక్కరూ దాన్ని దాటి రోడ్డెక్కలేదు.

ఒక సంగతి అడుగుతాను. నాలుగేళ్లలో మీలో ఒక్కరికైనా అదేమిటో చూసొద్దామని అనిపించలేదా? నాకైతే మీ ఆఫీసు గుమ్మంలో ఏముందో చూడాలని ఉంది.

ఇట్లు,
ముసలాయన

తా.క.: ఫోటో పంపను. కిందటిసారి తీసినప్పుడు కళ్లు మూసుకుంది.

*

పెద్దాయన గారికి,

అడ్డంకి తనంత తానే కదులుతుందని తెలిసి విభాగం ఆందోళన చెందినది. అది యంత్రాల పట్టికలోకి వస్తుంది. శబ్దం చేసే కీళ్లకు నూనె పెట్టాలి. చుట్టూ కంచె వేయాలి. పిల్లలకు అందని ఎత్తులో ఆపే మీట అమర్చాలి. మంగళవారం తనిఖీ అధికారిణి స్వయంగా వస్తారు. ఆలోగా గుమ్మం ఖాళీ చేయగలరు.

ఇట్లు, విధేయుడు,
గుమాస్తా

తా.క.: "అన్నానికి పిలిస్తే" అన్నచోట ఇంధనం పేరు రాయడం మరిచారు.

*

గుమాస్తా బాబుకి,

నూనె కోడలు రాసింది. మోకాళ్లకు హాయిగా ఉంది. ఆపే మీట మా ఇంట్లో ముందునుంచీ ఉంది, కోడలు ఒక్క కేక వేస్తే చాలు.

మంగళవారం మీరు చెప్పినట్టే గుమ్మం ఖాళీ చేసి, రోడ్డు అంచున కూర్చున్నాను. మీ రూలు గుమ్మం వరకే కదా. అధికారిణి వచ్చింది. ఖాళీ గుమ్మం చూసి సంతోషపడి, అందులోనే నిలబడి కాగితం తీసింది. "అడ్డంకి" వరకు రాసిందో లేదో, అందరిలోకి చిన్నది ఆమె కాళ్ల మధ్యనుంచి పాకి బయటికొచ్చింది. దాని వెనక ఇంకో ఇద్దరు. లోపల కోడలు ఒకడి చేతులు కడిగిస్తూ ఇరవై లెక్కపెడుతోంది. రోడ్డు మీద లారీ హారన్ కొట్టింది.

నేను లేచేలోపే ఆ అధికారిణి అమ్మాయి కాగితాలు పారేసి, ముగ్గుర్నీ లోపలికి లాగి, గుమ్మంలో చతికిలబడింది. కాళ్లు బారజాపి ఎదుటి ద్వారబంధానికి ఆనించింది. నేను ఎలా కూర్చుంటానో సరిగ్గా అలాగే. ఎవరూ నేర్పలేదు.

రెండు గంటలు కదల్లేదు. చివరికి నావైపు చూసి అడిగింది.

"తాతా, ఆ అడ్డంకి నువ్వేనా?"

ఇన్నాళ్లకు ఒకరు అడిగారు. అవునన్నాను. మరి ఇప్పుడు నేనేం రాయాలంది. మీ గుమాస్తాని కనుక్కుంటానన్నాను.

కనుక్కుంటున్నాను. ఆ రోజు మా గుమ్మంలో అడ్డంకి మీ అధికారిణి. ఆమెను తొలగించమంటారా, నన్ను కూర్చోమంటారా? నెలాఖరు శనివారం. శుక్రవారం పొద్దుటికల్లా జవాబు నా చేతిలో ఉండాలి. లేకపోతే నేనే వచ్చి మీ ఆఫీసు గుమ్మంలో కూర్చుంటాను.

ఇట్లు,
పద్నాలుగో వరుస

తా.క.: ఇంధనం రెండు పూటలా అన్నం, మధ్యలో టీ. మీ అధికారిణికీ అదే పోశాం, చక్కగా పనిచేసింది. శుక్రవారం దాటితే పోయాల్సింది మీరే.