సాయంత్రం ఐదింటి ఇంగ్లీషు క్లాసు

గల్లీలో అందరికీ సార్, నాకు పెనిమిటి అయిన మీకు,

మీరు పోయి నేటికి ఏడాది. మన నాందేడ్ ఇంటి వరండాలో ఆడవాళ్లకు మీరు నడిపిన ఇంగ్లీషు క్లాసును ఈరోజు నేను మళ్లీ తెరిచాను. ఎవరూ రారనుకున్నాను. ఆరుగురు వచ్చారు.

మీరు రాసిపెట్టి చెప్పకుండా పోయిన ఆఖరి పాఠమే చెప్పాను: స్లైట్లీ అంటే కొంచెం, మోడరేట్లీ అంటే మితంగా, స్పేరింగ్లీ అంటే పొదుపుగా. అన్నీ హద్దులో ఉంచే మాటలు. ముసలివాళ్ల కూరలో ఉప్పు స్పేరింగ్లీ, పిల్లల కూరలో కారం మోడరేట్లీ అన్నాను.

వాక్యం చెప్పమంటే పక్కింటి లింగుబాయి లేచింది. "మా ఆయన స్లైట్లీ తాగుతడు."

"గల్లీకంత ఎరుకే లింగక్కా, గది స్లైట్లీనా?" అన్నది ఎదురింటి కొత్త కోడలు సవిత. అందరూ నవ్వారు. లింగుబాయి సంచి సర్దుకుంది. "రేపటిసంది నేను రాను అవ్వా."

మీరైతే ఏదో చెప్పి నవ్వించి ఆపేవారు. నాకది చేతకాదు. "వాక్యంలో తప్పు లేదు, కూర్చో" అన్నాను. "సవితా, ఇప్పుడు మీ ఇంటి వాక్యం చెప్పు."

సవిత ఎదురుగా తమ ఇంటి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "మా అత్త మోడరేట్లీ తిడుతది."

ఈసారి ముందు నవ్వింది లింగుబాయే. సంచి కింద పెట్టింది. పోయేటప్పుడు, "రేపు ఏం పాఠం అవ్వా?" అని అడిగింది.

మీరు రాసిపెట్టిన పాఠాలు ఈరోజుతో అయిపోయాయి. రేపటిది నేనే రాస్తున్నాను.