మెటావర్స్ ఏ వరస?

హైదరాబాద్, 4-8-2001

అత్తమ్మకు కావ్య నమస్కారాలు.
కంప్యూటర్ కోర్సు మస్తుగున్నది. నా మనసంతా ఇప్పుడు మెటావర్స్ మీదనే. నాయినకు చెప్తే కోప్పడుతడు, అందుకే నీకు రాస్తున్న. వచ్చే నెల దీని గురించే అందరి ముందు మాట్లాడాలె.
నీ మేనకోడలు,
కావ్య
తా.క.: పరమేశ్ బావను అడిగిన అని చెప్పు.

మెదక్, 10-8-2001

బిడ్డ కావ్యను సల్లగుండుమని దీవించి అత్త సౌభాగ్యమ్మ రాసేది.
నీ మనసు మేనవరస మీదున్నదని చదివి ఏడ్సిన. మేనవరసంటే నా కొడుకు పరమేశే గదా! బతుకమ్మకు పిలువలేదని మీ నాయినతోని ఎనిమిదేండ్లు మాట్లాడకపోతి. నిన్న ఆ పంతం ఇడిసి, సకినాలు పట్టుకొని మీ ఎల్దుర్తి బస్సెక్కిన. తమ్ముడు గుమ్మంల నిలబడి, "ఎవరు గావాలె?" అన్నడు. "నువ్వే," అన్న. ఇద్దరం పట్టుకొని ఏడ్సినం. ఏడుపు ఆగినంక పెండ్లి ఖాయం జేసినం.
ఇట్లు, కాబోయే అత్త
తా.క.: పరమేశ్ బువ్వ తింటలేడు. సిగ్గనుకుంటున్న.

హైదరాబాద్, 16-8-2001

అత్తమ్మ కాళ్ళు మొక్కి కావ్య రాస్తున్నది.
నా కొంప ముంచినవు! అది మేనవరస కాదు, మెటావర్స్. గ్రీకుల "మెటా" అంటే అవతల. "వర్స్" యూనివర్స్‌కెల్లి వచ్చింది, అంటే లోకం. కలిపితే అవతలి లోకం. తొమ్మిదేండ్ల కింద ఒక అమెరికా రచయిత తన నవలల పెట్టిన పేరు. కండ్లకు అద్దాలు పెట్టుకుంటే ఈ లోకం కనపడదు, వేరే దేహంతోని అక్కడ తిరగొచ్చు. నేను పోవాలనుకునేది గక్కడికే. పెండ్లి ఆపు.
పరేషాన్‌ల,
కావ్య
తా.క.: బావ నాకు అన్నలెక్క.

మెదక్, 21-8-2001

బిడ్డా, పానం ఉండంగ ఈ ఉత్తరం చదువు.
పెండ్లి ఇష్టం లేకుంటే లేదను గని, అవతలి లోకం పోతననుడేంది? పెండ్లి రద్దు! తెలంగాణ మీటింగుకు పట్నం పోయే జీపుల పరమేశ్‌ను తోలుతున్న. వాడొచ్చేదాక ఎక్కడికీ పోకు.
గుండె దడతోని,
అత్త
తా.క.: వేరే దేహమెందుకు బిడ్డా, ఉన్నదానికేమైంది?

మెదక్, 30-9-2001

బతికున్న బిడ్డకు అత్త దీవెనలు.
నీ ప్రసంగానికి అందరు చప్పట్లు కొట్టిండ్రట, సంతోషం. ఇక్కడి ముచ్చట విను. ఆనాడు హాస్టల్ గేటు కాడ పరమేశ్, "మా కావ్య ఉన్నదా, పోయిందా?" అని అడిగితే, నీ దోస్తు స్నేహలత గంటసేపు వానికి మెటావర్స్ సమజు చేసిందట. అది ఇంకా సమజు కాలేదని వాడు మళ్ల నాలుగుసార్లు పోయొచ్చిండు! నిన్న ఆమె అమ్మనాయిన మా ఇంటికొచ్చిండ్రు. వచ్చే నెలనే వాళ్లిద్దరి లగ్గం.
మీ నాయిన వారం సంది ఈడనే ఉన్నడు. ఒకటే వాన. చిన్నప్పుడు గిట్ల వాన పడితే మంచం చుట్టూ దుప్పటి గట్టి, కింద మా ఊరు పెట్టుకుంటుంటిమి. నేను పటేల్‌ను, వాడు నా గుర్రం. అమ్మ బువ్వకు పిలిచినా ఆ ఊరికెల్లి బయటకు రాకపోదుము. నిన్న ఇద్దరం గదే యాది జేసుకున్నం.
మీ నాయినతోని కలిసి,
సౌభాగ్యమ్మ
తా.క.: మళ్ల దుప్పటి గడితే ఈసారి తనే పటేలంటడు మీ నాయిన. నేను ఒప్పుకోలే. పొద్దుగాల్ల నుంచి మాటలు బంద్.