ఒక జీబీ, రెండు షాపులు

మార్చి 5, 2007

దాచేపల్లిలో నెట్ సెంటర్ అంటే నాలుగు కంప్యూటర్లు, కీబోర్డుల్లో సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము, నెలకి ఒకే ఒక్క జీబీ. అది దాటితే కేబుల్ ఆయన లైన్ ఆపేస్తాడు, మళ్ళీ ఒకటో తారీఖుకే. నాకు ఇంతవరకు ఒక్క నెల కూడా ఆగలేదు. ఎందుకంటే నాకు బుర్ర ఉంది. నాలుగింటిలోనూ ఆటోమేటిక్ అప్‌డేట్స్ ఆఫ్. ఒకదాంట్లో డౌన్‌లోడ్ చేస్తాను, సీడీ కొట్టి మిగతా మూడింటికీ వేస్తాను. ఎదురుగా సంజీవరావు సెంటర్లో నాలుగూ ఒకే ఫైల్‌ని నాలుగుసార్లు లాగుతాయి. ప్రతి నెలా ఇరవయ్యో తారీఖుకల్లా షట్టర్ సగం దించుకుని కూర్చుంటాడు పాపం.

మార్చి 12

సంజీవరావు వచ్చి ఆ అప్‌డేట్స్ సీడీ ఒక్కరోజు ఇమ్మన్నాడు. సఫూరా గారూ అని మర్యాదగానే అడిగాడు. ఇవ్వనన్నాను. రెండేళ్ళ కిందట సరిగ్గా నా ఎదురుగా, నా బోర్డు రంగే వేయించి బోర్డు పెట్టిన మనిషి. ఎందుకివ్వాలి?

ఇంటికొచ్చి చెబితే అమ్మ మొహం చిట్లించింది. పెరుగు తోడుకి ఎవరొచ్చినా మా అమ్మ మదార్‌బీ నోట లేదన్న మాట రాదు. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగిరాదు కూడా, ఏ పచ్చడో వేసి పంపుతారు. పెరుగు వేరు, సాఫ్ట్‌వేర్ వేరు అన్నాను.

ఏప్రిల్ 9

ఇంటర్ రిజల్ట్స్ ఇరవైమూడున. ఈ నెల ప్రతి ఎంబీ వాటికే. యాంటీవైరస్ అప్‌డేట్ ముప్ఫై ఎంబీ ఉంది, మే నెలకి వాయిదా వేశాను.

యలమందయ్య బాబాయ్ మిరపకాయల కల్లం నుంచి తిన్నగా వచ్చి కూతురు శ్రీరమ్య హాల్‌టికెట్ నంబరు రాసిచ్చాడు. వాళ్ళింట్లో ఇంటర్ దాకా చదివింది ఆ పిల్లే మొదలట. మొదటి రిజల్ట్ మీదే బాబాయ్ అని మాటిచ్చాను.

ఏప్రిల్ 18

ఇంకా 640 ఎంబీ ఉంది. సంజీవరావు పదో తారీఖు నుంచే "నెట్ లేదు" అని అట్టముక్క తగిలించాడు. నవ్వొచ్చింది.

ఏప్రిల్ 23, ఉదయం 10

లైన్ లేదు. కేబుల్ ఆయనకి ఫోన్ చేస్తే నా జీబీ అయిపోయిందన్నాడు. అబద్ధమని అరిచాను. అబద్ధం కాదు. మూడో కంప్యూటర్లో ఎవరి పెన్‌డ్రైవ్ నుంచో వైరస్ దూరి, ఊరూరికీ మెయిల్స్ పంపుతోంది. ఈ ఐదు రోజులూ నెట్ ఎంత అయిందో చూడనేలేదు, అంత ధీమా నాకు. ముప్ఫై ఎంబీ మిగుల్చుకోబోయి మొత్తం పోగొట్టుకున్నాను.

బయట అరవైమంది పిల్లలు. మెట్టు మీద బాబాయ్.

అదే రోజు, సాయంత్రం

రోడ్డు దాటి ఎదురు సెంటర్‌కి వెళ్ళాను. రెండేళ్ళలో ఇదే మొదటిసారి.

సంజీవరావుకి లైన్ ఉంది! అప్‌డేట్స్ ఆపడం చేతకాక, రిజల్ట్స్ కోసం పదో తారీఖున వైరే పీకి పక్కన పెట్టాడట. ఇప్పుడు పెడితే నాలుగూ అప్‌డేట్స్ మీద పడి ఉన్నదంతా లాగేస్తాయేమోనని చేతిలో వైరు పట్టుకుని కూర్చున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాలుగింటిలోనూ ఆఫ్ చేశాను. వైరు పెట్టాడు.

ఆయన నంబర్లు కొట్టాడు, నేను మెట్టెక్కి చదివాను. మొదటి నంబరు శ్రీరమ్యది. ఫస్ట్ క్లాస్. బాబాయ్ ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. మళ్ళీ చదవమన్నాడు. మూడోసారి ఇంకా గట్టిగా చదివాను.

ఏప్రిల్ 24

అడక్కుండానే సీడీ ఇచ్చొచ్చాను. సిగ్గేసింది. ఎలా కొట్టాలో కూడా చూపించాను.

మే 12

సంజీవరావు సీడీ కవరు తిరిగి పంపాడు. తెరిస్తే లోపల రెండు సీడీలు. రెండోదాని మీద స్కెచ్ పెన్‌తో "మే అప్‌డేట్స్" అని రాసి ఉంది.

జూన్‌వి నేను చేస్తాను.