తమ్ముడి దవడ కొలతలు

కిషన్‌బాగ్, 1941

పళ్ల డాక్టరు గారికి దండాలు.

మా తమ్ముడు భిక్షపతి వారం నుంచి ఠాణాలో ఉన్నాడు. మిల్లు గొడవలో పోలీసు జమేదారు చేయి కొరికింది వాడేనంటున్నారు. వాడి కింది దవడ పైదానికంటే ముందుకుందని నిరుడు మీరే కొలిచి రాసుకున్నారు. జమేదారు చేతి మీది గాట్లు మాత్రం ఎత్తుపళ్లవి. దయచేసి ఆ కొలతల కాగితం సోమవారం అదాలత్‌కు తీసుకురండి.

నిన్న ములాఖత్‌లో వాడు, "ఫికర్ చెయ్యకు అన్నా, నేనెవ్వరి పేరూ చెప్పలే," అన్నాడు. ఇంటికి రాగానే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

ఆ రోజు నా దవడ కూడా కొలవండి. నావి ఎత్తుపళ్లు. జమేదారు తమ్ముణ్ణి లాఠీతో కొడుతుంటే చూడలేక నేనే కొరికాను. అదాలత్‌కు వస్తున్నాను.

— భిక్షపతి అన్న