గైనిక్ సీటుకు నిచ్చెన గుర్తు

తిరుపతి, లేడీస్ హాస్టలు,
ఫిబ్రవరి 1979

మునివెంకటప్ప తాతకు మనవరాలు శకుంతల నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, నీ మోకాలూ క్షేమమని తలుస్తాను.

నా హౌస్ సర్జన్ పని ఈ నెలతో సరి. ఇక ఏ సీటుకు పోటీ పడాలో తేలక నిద్ర పట్టడం లేదు. మనసంతా గైనిక్ సీటు మీదే. కానీ ఉన్నవి నాలుగు, నిలబడేవాళ్లు బోలెడు. నా బలం చూస్తే, వార్డులో మంచి పేరుంది. బలహీనత, ఒకసారి తప్పాను. మత్తు సీటుకైతే పోటీయే లేదు, అడిగితే ఇచ్చేస్తారు. రెండిట్లో ఒక్కటే అడగాలి. గైనిక్ అడిగి ఓడిపోతే రెండూ పోతాయి. ఏం చేయమంటావు?

నీ శకుంతల

తా.క.: నాయనకు చెప్పొద్దు. ఆయన భయపడి మత్తే తీసుకోమంటాడు.

⁂

ఐరాల

చిరంజీవి శకుంతలకు తాత ఆశీర్వాదాలు. మోకాలు తప్ప మిగతా నేను బాగుండాను.

అమ్మణ్ణీ, పన్నెండేండ్లు పంచాయితీ ప్రెసిడెంటుగా చేసినోని మనవరాలు పోటీకి నిలబడకుంటే ఇంకెవురు నిలబడతారు? అయితే ఆ గైనిక్ ఏ తాలూకాలో ఉండాది? బస్సు కండక్టరు మస్తాన్ వలిని అడిగినా. జిల్లాలో అట్లాంటి స్టాపింగే లేదన్నాడు. పేరు ఇంగిలీషుగా ఉండాది గాబట్టి సూళ్లూరుపేట కాడ రాకెట్లోళ్ల కాలనీ అయ్యుండొచ్చంట. ఆడ ఓట్లెన్ని? మనోళ్లెందరు? వార్డులో పేరుందన్నావు, ఒక్క వార్డుతో యాడ గెలుస్తావు? ఒకసారి తప్పినానని దిగులొద్దు. ఓడినోళ్ల మీద జనానికి జాలి ఉంటాది, అదే ఓటయ్యి పడతాది.

మత్తు సీటు మాట మాత్రం ఎత్తొద్దు. సారాయి పోసి గెలిచే సీటు మన వంశానికొద్దు. అయినా మీ నాయన ఎప్పటినుంచి తాగతాండాడు?

ఇట్లు,
మునివెంకటప్ప, మాజీ ప్రెసిడెంటు

తా.క.: నిచ్చెన గుర్తు ఇస్తే తీసుకోవద్దు. నాకు అదే ఇచ్చినారు. ప్రచారంలో ఎక్కి చూపించబోయి పడినా. ఈ మోకాలు అప్పటిదే.

⁂

తిరుపతి

తాతకు నమస్కారాలు, మొత్తుకోళ్లు.

గైనిక్ ఊరు కాదు తాతా! అక్కడ ఉండేది అంతా ఆడవాళ్లే, మంచానికి ఇద్దరు. రోజూ కొత్తవాళ్లు పుడుతూనే ఉంటారు. మత్తంటే సారాయి కాదు, ఆపరేషనుకు ముందు ఇచ్చేది. ఇక్కడ కులం చూడరు, మార్కులు చూస్తారు. నాకంటే ముందు నలుగురున్నారు. నాలుగోవాడు జయరామ్, గైనిక్ అడుగుతున్న ఒకే ఒక్క మగవాడు, నాకంటే రెండే మార్కులు ఎక్కువ. అతను తప్పుకుంటే తప్ప నా పని గోవిందా. ధైర్యం చాలడం లేదు, మత్తుకే పెట్టేస్తాను.

నీ పిరికి మనవరాలు శకుంతల

తా.క.: నాయన తాగడం లేదు. ఓట్లు లేవు తాతా, ఓట్లు లేవు!

⁂

ఐరాల

శకుంతలకు తాత దీవెనలు, నాలుగు చీవాట్లు.

ఓట్లు లేవు, ఓట్లు లేవు అని ఏడుస్తారా ఎవురైనా? ఓట్లు సంపాదించుకోవాల. కొత్తగా పుట్టినోళ్ల లెక్క ఇడిసిపెట్టు, ఇరవైయొక్కేండ్లు నిండితే గానీ వాళ్లకు ఓటు రాదు. ఆడోళ్ల సీటంటే మనకే వాటం. శకుంతల గెలిస్తే ఐరాలకు కాన్పుల ఆసుపత్రి తెప్పిస్తాదని ఇంటింటికీ పోయి మాటిచ్చినా.

మీ అమ్మ నొప్పులు పడతాంటే బండి కట్టుకోని చిత్తూరికి పోయినాం. నిన్ను నా చేతిలో పెట్టి దారిలోనే పోయింది. ఆ బండి ఈ పొద్దుకీ దొడ్లోనే ఉండాది, నేను మళ్లా ఎక్కలా. అందుకే చెప్తాండా, ఓడితే ఓడినావు, గైనిక్‌కే నిలబడు. ఆ జయరామ్ సంగతి నేను చూసుకుంటా. శుక్రవారం వస్తాండా.

ఇట్లు,
మీ తాత

తా.క.: మార్కులంటే గుర్తులే గదా? మనిషికొక గుర్తే ఇస్తారు. వాడికి రెండు ఎక్కువ ఎట్లిచ్చినారు?

⁂

తిరుపతి

తాతకు శకుంతల నమస్కారాలు.

నీ మాట పట్టుకుని గైనిక్‌కే పెట్టాను. కానీ శుక్రవారం నువ్వు చేసిందేమిటి? లారీ నిండా ఐరాల ఆడవాళ్లు, ముందు పలక డప్పుల మోత, "గైనిక్ సీటు ఎవురిది? శకుంతలమ్మది!" అని మన వీధి మునిరత్నమ్మ కేకలు. సమ్మె అనుకుని ప్రిన్సిపాలు గేట్లు వేయించారు. అందరూ కాన్పులకొచ్చారనుకుని మా ప్రొఫెసరమ్మ మంచాలు వేయించింది. సిగ్గుతో చచ్చాను.

నిన్న జాబితా వచ్చింది. నాకు సీటొచ్చింది తాతా! గంతులేశాను. తర్వాత చూస్తే జయరామ్ పేరు మత్తు జాబితాలో ఉంది. అతన్ని ఏం చేశావు? బెదిరించి తెచ్చిన సీటయితే నాకొద్దు, సోమవారమే వదిలేస్తాను. నిజం రాయి.

శకుంతల

తా.క.: నేను ఎదురుపడితే అతను తలెత్తడం లేదు. ఎంత భయపెట్టావో ఏమో!

⁂

ఐరాల

డాక్టరమ్మ శకుంతలకు తాత ఆశీర్వాదాలు.

నేను ఎవుర్నీ బెదిరించలా. పంచాయితీలో ఏకగ్రీవం చేసినట్టే చేసినా. ఆ శుక్రవారమే జయరామ్‌కు కాఫీ తాగించి, ఎందుకు నిలబడినావు నాయనా అని అడిగినా. పాపం, కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆడోళ్లు నొప్పులతో అరస్తాంటే వాడికి కాళ్లాడవంట. మత్తిచ్చి నొప్పి తెలీకుండా చేసే పనే ఇష్టమంట. గైనిక్ అడగమని వాళ్లమ్మ ఆనందమ్మ పట్టంట. ఆమె కాడికి పోయి నేనే ఒప్పించినా, వాడు అర్జీ మార్చి మత్తుకు పెట్టుకున్నాడు. మాటల్లో చుట్టరికమూ కలిసింది. వరసకు నీకు బావవుతాడు.

గైనిక్ అంటే కాన్పుల చదువని కూడా వాడే చెప్పినాడు. ఆ ముక్క ముందే రాసుంటే లారీ బాడుగ మిగిలేది గదా!

ఏకగ్రీవంలో తప్పుకున్నోనికి వైస్ ప్రెసిడెంటు పదవన్నా ఇయ్యాల. నా కాడ ఏముండాది? మా ఇంటి అల్లుడి పదవి ఖాళీ అన్నా. అప్పుడు దించిన తల వాడింకా ఎత్తలేదన్నమాట. నేను మాటివ్వలా అమ్మణ్ణీ. ఈ ఎన్నికలో ఓటు ఒక్కటే, అది నీదే. నీకిష్టం లేకుంటే డిపాజిట్టు పోగొట్టి పంపించు.

దొడ్లో ఆ బండిని నిన్న ఊడదీయించి కట్టెలకేసినా. ఊరి ఆడోళ్లంతా వచ్చి చూసినారు. ఇంక చిత్తూరికి పోయేదానికి మాకు బండి లేదు. చదువైనాక నువ్వే రావాల.

ఇట్లు,
మీ తాత

తా.క.: జయరామ్ ఒకటే అడిగినాడు, "నా గుర్తేంది తాతా" అని. యాదన్నా తీసుకో, నిచ్చెన మాత్రం వద్దన్నా.