ధర చెప్పని డబ్బా

గద్వాల, శుక్రవారం.

ఆ చిన్న గేమింగ్ కంప్యూటర్ ధర కంపెనీవాళ్ళు ఇవాళ కూడా చెప్పలేదు. అరవై వేలని నెట్‌లో ఒకడు, లక్ష దాటుతుందని ఇంకొకడు రాస్తున్నారు. నేను తయారుచేస్తున్న ఆట సగంలో ఉండగానే పాత కంప్యూటర్ కాలిపోయింది. అరవై లోపైతే నాన్న కొనిస్తాడు. దాటితే ఆట మానేసి చీరల దుకాణంలో పనికి కుదరాలి. అదీ మా ఒప్పందం.

పొద్దున మగ్గం దగ్గర నాన్న మీద అరిచాను.

"శ్రమను బట్టి ధర ఉండాలె నాయినా. ముందే చెప్పాలె. గిట్ల దాచుడేంది, దోపిడీ గాదా?"

నాన్న నేత ఆపకుండానే నవ్వాడు.

"కరపత్రాలు సదివి నా మీద ఎగురుతవేందిరా. మనం జేసేది గూడ గదే గద. కొననీకొచ్చినామె ఒళ్ళె చీర పరుస్తం. అంచు మీద చెయ్యి ఆడిస్తది. కండ్లు మెరిసినంక ధర చెప్తం."

చేతిలోని కార్మిక సంఘం కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఫోన్లో ఆ డబ్బా బొమ్మ ఇప్పుడు మళ్ళీ చూశాను. నా కళ్ళు మెరిసి నెల దాటింది. వాళ్ళు లక్ష అంటే నేను దుకాణంలో కూర్చోవాలి. చీరలు పరుస్తూ, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తూ, ధర చెప్పకుండా...