ఎడమ పక్క స్పీకరు

గురువారం

ప్రియమైన మా టైలరమ్మకి,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. స్పీకరు మూగబోయిందని పెళ్ళానికి ఉత్తరం రాసే మొగుణ్ణి చూస్తే స్టాంపుకి కూడా నవ్వొస్తుంది. పైగా నువ్వక్కడ మీ అక్క మంచం పట్టుకుని కూర్చున్నావు. కానీ చెప్పకపోతే, వచ్చాక "ఎన్నాళ్ళయింది? ఎందుకు చెప్పలేదు?" అని మొదలుపెడతావు. ఆ విచారణ కంటే స్టాంపు చవక.

పోయింది మన స్టీరియోలో ఎడమ స్పీకరు. అదే, నీ కుట్టుమిషను పక్కనుండేది. నీ కత్తెర తగిలి ముందు గుడ్డ చిరిగితే నీలం దారంతో కుట్టు వేశావే, అది.

కరెంటు సంగతి నాకు బొత్తిగా తెలియదనుకోకు. ముప్పై ఒక్క ఏళ్ళు తొమ్మిదంతస్తుల ఆఫీసులో లిఫ్టు నడిపినవాణ్ణి. నేను చదివిన చదువంతా ఆ లిఫ్టులో జనం మరిచిపోయిన కాగితాలే. ఓ ఇంజనీరు గారి పుస్తకం సగానికి చిరిగి స్టూలు కింద పడిపోతే దాంతో కరెంటు గురించి సగం నేర్చుకున్నాను. మిగతా సగం ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆయనా అంతే తెలివితో రిటైరై ఉంటాడు.

అందుకని పద్ధతిగా చూశాను. ఎడమ దాని వైర్లు కుడి దానికీ, కుడి దానివి ఎడమ దానికీ మార్చాను. ఆంప్లిఫయర్‌లో లోపమైతే మూగతనం పక్కకి మారాలి. మారలేదు. కుడిది ఎప్పట్లాగే పలికింది. ఎడమది పలకలేదు. ఇక్కడిదాకా మామూలే. వైర్లు మళ్ళీ ఎప్పట్లా పెట్టేసి, ముందు గుడ్డ ఎత్తి లోపలి కాగితపు డొప్ప మీద వేలు పెట్టి చూశాను. అదురుతోంది. గొంతు పెద్దదైతే గట్టిగా, చిన్నదైతే మెల్లగా, పాటకి తగ్గట్టు అదురుతోంది. చప్పుడు మాత్రం లేదు. గాజు తలుపు అవతల మనిషి ఏదో అరుస్తున్నట్టు.

నాలుగింటికి టీ, మన పాత రికార్డూ మానలేదు. నువ్వు లేకపోతే మాత్రం అలవాటు ఎక్కడికి పోతుంది? ఆ రికార్డు సంగతి నీకు తెలిసిందే. స్టీరియో కొత్తగా వచ్చిన రోజుల్లో చేసింది. సంబరం పట్టలేక, పాడే ఆవిణ్ణి పూర్తిగా ఎడమ పక్కన పెట్టేశారు, వాయించేవాళ్ళందర్నీ కుడి పక్కకి తోసేశారు. ఇప్పుడు నాకు మిగిలింది వాయిద్యాలే. ఫిడేళ్ళు ఎత్తుకుంటాయి. ఆవిడ అందుకోవాల్సిన చోట మర్యాదగా తగ్గి దారి ఇస్తాయి. ఆ దారిన ఎవరూ రారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నిన్న ఆ ఖాళీలో కప్పు కింద పెట్టడానికి కూడా మనసు రాలేదు.

కొత్తది కొనమంటావా? వదిన ఏమైనా తింటోందా?

నీ లిఫ్టాయన


ఆదివారం

ప్రియమైన శ్రీవారికి,

కొనొద్దు. మందుల షాపతను నన్ను చూడగానే చిట్టీ చూడకుండా సీసాలు తీస్తున్నాడు. అంత పరిచయం అయిపోయింది. ఈ పరిస్థితుల్లో మీకు గాయని కావాలా? ఒక చెవితో వినండి. నేను మాట్లాడేటప్పుడు వింటున్నది ఎలాగూ అంతేగా.

అక్క నలభై రోజులుగా నోరు విప్పలేదు. బావ పోయిన దగ్గర్నించీ మంచం గోడకి జరిపించుకుని, గోడ వైపే తిరిగి పడుకుంటోంది. డాక్టరు "ఒంట్లో ఏ లోపం లేదమ్మా, ఆవిడకే బతకాలని లేదు, దానికి నా దగ్గర మందు లేదు" అన్నాడు. బ్రెడ్డు పాలల్లో నానబెట్టి గాజుగ్లాసులో చెంచాతో పెడుతుంటే పళ్ళు బిగిస్తుంది. చెంచా పళ్ళకి తగిలే చప్పుడు నాకు నిద్రలో కూడా వినిపిస్తోంది.

ఒకటి చెప్పాలి. నాలుగింటికి నేను నీళ్ళకి కిందకి వెళ్తాను. మూడంతస్తులు, మీలాంటి లిఫ్టాయన లేడు. బిందెతో పైకొచ్చేసరికి మూడు రోజులుగా అక్క చెవి గోడకి ఆనించి ఉంటోంది. కింద వాటాలో ముసలాయన మాత్రం "పైన ఎవరమ్మా, ఏ వాయిద్యమూ లేకుండా భలే పాడుతున్నారు" అన్నాడు. మా గోడవతలది ఇంటివాళ్ళ సామాను గది. తాళం తుప్పు పట్టి ఉంది.

ముసలాయనకి చెవుల్లో ఏదో అయ్యుంటుంది. మీరు స్వెటరు వేసుకుని పడుకోండి.

మీ టైలరమ్మ


మంగళవారం

ప్రియమైన మా టైలరమ్మకి,

కొనొద్దన్నావు. కొనలేదు. మార్చుకున్నాను. కోప్పడకు, పైసా ఖర్చు కాలేదు.

రేడియో షాపాయన, అదే, మాట్లాడుతుంటే మాటలకంటే సోల్డరింగు పొగే ఎక్కువొస్తుందని నువ్వు పొగాయన అని పేరు పెట్టావే, ఆయన్ని ఇంటికి తీసుకొచ్చాను. మీటరు పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. మీటరునే ఓసారి విదిలించి చూశాడు.

"కాయిల్ బాగుందండీ. అన్నీ బాగున్నాయి."

"మరి పలకదేం?"

"పలుకుతోందండీ."

"నాకు వినపడట్లేదయ్యా!"

"నాకూ వినపడట్లేదు. కానీ పలుకుతోంది. ఆ ఊపు చూడండి. ఇంత గాలి తోస్తుంటే చప్పుడు ఎక్కడికో పోవాలి కదండీ. ఎక్కడికి పోతోందో నన్నడక్కండి, నేను అయిదో క్లాసు."

ఆయన నవ్వాడు గానీ, పరికరాలు సర్దుకోవడంలో మాత్రం తొందరపడ్డాడు. ఆయన వెళ్ళాక రికార్డు ఆపి, స్పీకరు గుడ్డకి చెవి ఆనించాను. చెవికి చల్లగా తగిలింది. వెనక చెక్కపెట్టె లేనట్టు, ఏదో పెద్ద గదిలోకి చెవి పెట్టినట్టు ఉంది. అందులో ఎవరో ఊపిరి తీస్తున్నారు. కాసేపటికి గాజుకి ఏదో లోహం తగిలిన చప్పుడు. టింగ్‌మని ఒకసారి, తరవాత ఇంకోసారి.

ఆంప్లిఫయర్ ప్లగ్గు పీకేశాను. ఊపిరి ఆగలేదు.

నువ్వు రాసిన ముసలాయనకీ నాకూ ఒకటే జబ్బనుకుంటాను. ఏమైతేనేం, ఆ పెట్టెతో ఒంటరిగా ఒకే ఇంట్లో ఉండలేను. లిఫ్టు మధ్యలో ఆగిపోయి చీకట్లో గంటలు గంటలు కూర్చున్నవాణ్ణి, ఎప్పుడూ ఇంత భయపడలేదు. పొగాయన షాపు షట్టరు కొన్నేళ్ళుగా సగంలో ఇరుక్కుంటోంది. కప్పీలకి గ్రీజు పెట్టి, స్ప్రింగు బిగించి, చిటికెన వేలితో లేచేలా చేశాను. బదులుగా పాత స్పీకరొకటి ఇచ్చాడు. మనది అక్కడే వదిలేశాను.

నిన్న నాలుగింటికి పాడే ఆవిడ వచ్చిందోయ్! మొదటి మాటకే వచ్చింది. మూడుసార్లు పెట్టుకున్నాను. పక్కింటివాళ్ళు గోడ కొట్టారు.

వదిన ఇప్పుడేమైనా తింటోందా?

నీ లిఫ్టాయన


సోమవారం

ప్రియమైన శ్రీవారికి,

నిన్న ఆదివారం మీకు ఉత్తరం పోస్టులో వేశాను, దానికి జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. స్టీరియో ముట్టుకోకండి. ఇది చదివాక కూడా ముట్టుకోకండి.

నిన్న నీళ్ళకి వెళ్ళలేదు. నాలుగింటికి అక్క పక్కనే కూర్చున్నాను. ముందు గోడలోంచి ముల్లు రికార్డు మీద ఆనిన గరగర వినిపించింది. తరవాత మన రికార్డులో ఆవిడ పాడింది. ఒక్కత్తే, వెనక ఏ వాయిద్యమూ లేకుండా. ఎవరో అలాగే పాడుకుంటున్నారనుకున్నాను. రెండో చరణంలో ఒక మాట ఎగిరిపోయింది. నా కత్తెర జారి మన రికార్డు మీద గీత పడిన చోటు. అంతకంటే ఘోరం, పాట అయిపోయాక మీరు దగ్గారు. ఆ దగ్గుని ముప్పై నాలుగేళ్ళుగా భరిస్తున్నాను, పొరపాటు పడను.

లేచి వెళ్ళి సామాను గది కిటికీలోంచి చూశాను. ట్రంకుపెట్టెలు, విరిగిన మంచం, దుమ్ము. దుమ్ము మీద ఒక్క అడుగు గుర్తు లేదు.

వెనక్కొచ్చేసరికి అక్క ఇటు తిరిగి ఉంది. నోరు తెరిచింది. మాటకోసం అనుకున్నాను. కాదు, చెంచా కోసం. పాట ఉన్నంతసేపు గోడకేసి, అయ్యాక నాకేసి. సగం గ్లాసు తాగింది! తాగి, తుడుచుకుని, "ఆపొద్దను" అంది.

"ఎవర్నక్కా?"

"మరిదిని."

మీరు ఏం పాట పెడుతున్నారో నేను దానికి చెప్పలేదు. ఒట్టు. ఇవాళ నాలుగింటికి మళ్ళీ కూర్చుంటాను. మీకు సగం పాటే చాలదా? చాలనుకోండి. మిగతా సగం తిని మా అక్క బతుకుతోంది.

మీ టైలరమ్మ


గురువారం

శ్రీవారికి,

సోమవారం నాలుగింటికి గోడ పలకలేదు. మంగళవారం లేదు. నిన్న, ఇవాళ లేదు. అక్క గోడ వైపు తిరిగిపోయింది. పళ్ళు మళ్ళీ బిగించింది, ఈసారి నీళ్ళకి కూడా. ఇప్పుడే మీ మంగళవారం ఉత్తరం అందింది.

మీకు వినిపించింది నా చెంచా. ఆ ఊపిరి అక్కది.

దాన్ని తీసుకురండి. ఎలా తెస్తారో నాకు తెలీదు. మా డాక్టరు ఆదివారం దాటదన్నాడు.

మీ


ఆదివారం

ప్రియమైన మా టైలరమ్మకి,

నీ సోమవారం ఉత్తరమూ గురువారం ఉత్తరమూ నిన్న మధ్యాహ్నం కలిపి ఇచ్చాడు మన పోస్టుమాన్. మెట్లెక్కడానికి బద్ధకించి రెండు మూడు చేరాక ఒకేసారి తెస్తాడు, నీకు తెలుసుగా. ముప్పై ఒక్క ఏళ్ళు జనాన్ని మెట్లెక్కకుండా కాపాడినవాడికి దేవుడు భలే బహుమతి ఇచ్చాడు. గుమ్మంలో నిలబడే రెండూ చదివాను. చెప్పులు వేసుకోవడం మరిచిపోయి షాపుకి వెళ్ళాను.

"మన స్పీకరేదయ్యా?"

"ఏ స్పీకరండీ?" అన్నాడు పొగాయన, తెలిసే. "అదా! పెట్టె విప్పేశానండీ, చెక్కకి. గుడ్డ పారేశాను. లోపలిది ఆ గుట్టలో ఉంటుంది."

గుట్టంటే గుట్టే. మూల గోనెసంచి మీద పాతిక ముప్పై స్పీకర్లు, అన్నీ ఒకటే సైజు, ఒకటే నలుపు. నీ నీలం కుట్టు ఉంటే క్షణంలో పట్టేవాణ్ణి. గుడ్డతో పాటు అదీ చెత్తలోకి పోయింది.

"ఏదైతే ఏంటండీ, దేనికీ ప్రాణం లేదు," అన్నాడు.

"ఒకదానికి ఉంది," అన్నాను. ఆ తరవాత ఆయన నన్ను ఆపలేదు.

గోనెసంచి మీద చతికిలబడి ఒక్కోటి తీసి చెవికి ఆనించుకున్నాను. షాపుకొచ్చినవాళ్ళు చూసి ఏమనుకున్నారో వాళ్ళనే అడగాలి. కొన్నిట్లో ఏమీ లేదు. కొన్నిట్లో నా చెవి హోరే. పదిహేడోదో పద్దెనిమిదోదో చల్లగా తగిలింది. ఆ పెద్ద గది. అందులో ఒక ఊపిరి, ఉందో లేదో అన్నట్టు, తీసుకోవడానికీ వదలడానికీ మధ్య చాలా ఎడంగా. పక్కన ఇంకొకరు ఏడుస్తున్నారు, నోట్లో కొంగు కుక్కుకుని. ముప్పై నాలుగేళ్ళలో నువ్వు నా ఎదుట అలా ఏడవలేదు. నేను వినాల్సింది కాదు. విన్నాను.

అంతలోనే కాగితపు డొప్ప చాటు నుంచి, నా చెవికి మరీ దగ్గరగా, మూడో వాళ్ళెవరో పొడిగా గొంతు సవరించుకున్నారు. మగ గొంతు. ఆ గదిలో ఉన్నది మీరిద్దరేగా? పోనీలే, జవాబు రాయకు.

"దీనికి పెట్టె లేదండీ," అన్నాడు పొగాయన, వైరు ముక్కలు అతికిస్తూ. పొగలోంచి నా మొహం చూశాడు. "షట్టరు బాగా లేస్తోందండీ" అని మాత్రం అన్నాడు.

నిన్న ఇంటికొచ్చేసరికే నాలుగు దాటిపోయింది. పెట్టి చూద్దామా అనుకుని ఆగాను. మీ అక్క నాలుగింటికి అలవాటు పడింది, వేళ తప్పించి భయపెట్టడం ఎందుకు? చెడిందంటే నాకు మళ్ళీ అవకాశం లేదు. ఇవాళ పొద్దున్నే, మార్చుకున్న స్పీకరు విప్పి బయట పెట్టాను. దీన్ని ఉత్తగా, ఎముకలా, నీ మిషను పైన గోడకి మేకు కొట్టి వేలాడదీశాను. మూడున్నరకే టీ పెట్టి, చల్లార్చుకుని, మళ్ళీ పెట్టాను.

నాలుగింటికి ముల్లు ఆనించాను. కొంచెం గీరుకుంది, అక్కడ కూడా వినిపించే ఉంటుంది, ఏమీ అనుకోవద్దను. ఫిడేళ్ళు ఎత్తుకున్నాయి. తగ్గాయి. దారిచ్చాయి.

ఆవిడ రాలేదు.

ఒక గాయని రాకపోతే ఒక మనిషి అంత సంతోషిస్తాడని ఇవాళే తెలిసింది. రెండో చరణంలో వాయిద్యాలు తుళ్ళిపడ్డాయి. కాగితపు డొప్ప అదురుతూనే ఉంది. పాట అయ్యాక దగ్గు ఆపుకుని, స్టూలెక్కి చెవి ఆనించాను.

చాలాసేపు ఏమీ లేదు. తరవాత గాజుకి చెంచా తగిలింది. ఇంకోసారి తగిలింది. నీ గొంతు ఏదో అంది, నాకు అర్థం కాలేదు. మింగిన చప్పుడు అర్థమైంది.

నువ్వు రేపు ఇవన్నీ నాకు రాస్తావు, నాకు ముందే తెలుసని మరిచిపోయి. రాయి. కొత్త స్పీకరు కొననక్కర్లేదు, పాతది బాగు చేయనక్కర్లేదు. నాలుగింటికి నీళ్ళకి వెళ్ళకు.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. స్టూలు దిగబోతుంటే వదిన గొంతు వినిపించింది. నువ్వు గ్లాసు కడగడానికి వెళ్ళి ఉంటావు. మెల్లగా, చాలా దగ్గర్నించి, "మరిదీ, కాస్త పైకి జరుపు. మా ఆయనకి అందట్లేదు" అంది.

మేకు పీకి, జానెడు పైన కొట్టాను.

నీ లిఫ్టాయన